గొల్లకావడి కింద గుర్రం

ఆ రోజు పొద్దున సంగప్ప చేసిన చివరి పని అద్దం తుడవడం. పనికి బయలుదేరే ముందు గోడకున్న అద్దం దగ్గర నిలబడి, నోరు గుండ్రంగా తెరిచి దాని మీద ఊదాడు. పట్టిన ఆవిరి అంచుల నుంచి మెల్లగా కరిగిపోయింది. ఒక మూల చిన్న చార మిగిలింది. తువ్వాల చెంగుతో అక్కడ రుద్ది మళ్లీ ఊదాడు. ఈసారి ఆవిరంతా సమంగా పోయింది.

"ఇగ సాఫున్నది. నీ ముఖం నువ్వు సూస్కో," అన్నాడు భార్య బీరమ్మతో.

"ముఖమెందుకు, ముసలిదాన్నైతున్న," అంది బీరమ్మ టిఫిన్ డబ్బా సంచిలో పెడుతూ.

"అద్దానిది తప్పు లేదని చెప్తున్న. ముఖం సంగతి నాకెర్క లేదు."

నవ్వుకుంటూనే పోయాడు. ఆషాఢపు ముసురు పడుతోంది. ఇంద్రేశంలో ఆటో ఎక్కి పటాన్‌చెరులో దిగి, పారిశ్రామికవాడ మలుపు దాకా నడిచి, అక్కడ పాన్ డబ్బా అరుగు మీద కూర్చున్నాడు. ఛాతీ పట్టుకున్నాడని పాన్ డబ్బా ఆయన తర్వాత చెప్పాడు. వెనక ఆటోలో వస్తున్న తోటి పనివాడు సాదుల్లా దూకి పరుగెత్తుకొచ్చేసరికి, ఎవరి మాటో వింటున్నట్టు తల ఒక పక్కకు వాల్చి ఉన్నాడు. అంతే.

సంగప్ప తండ్రి బాలప్ప ఒకరి పొలంలో జీతం ఉన్న మనిషి. సంగప్ప కూడా చిన్నప్పుడు మిరప తోటలో ఏరడానికి పోయేవాడు. పండిన కాయలతో పాటు పచ్చివి కూడా తెంపి బుట్ట నింపేవాడు. "పోరనికి పని మీద మనసు లేదు" అని ఆసామి తరిమేశాడు. తర్వాత ఆ తోట మీదే గోడ లేచింది, గోడ లోపల షెడ్లు లేచాయి. ఊళ్లో వయసులో ఉన్న మగవాళ్లు కొందరు జిన్నారం వైపు మందుల కంపెనీలకు పోయారు. సాయంత్రం వాళ్లు బస్సు దిగితే, ఎవరు ఏ కంపెనీలో పనిచేస్తారో బట్టల వాసనే చెప్పేది. సంగప్ప బట్టలకు ఏ వాసనా ఉండేది కాదు. పెళ్లయి వచ్చిన కొత్తలో బీరమ్మకు అదొక గొప్ప. నీళ్ల బోరు దగ్గర అందరికీ చెప్పుకునేది.

ఆయన పనిచేసేది పటాన్‌చెరులో ఒక సందు చివరి చిన్న షెడ్డులో. యజమాని వెంకటరామయ్య చదువుకున్నవాడు, నెమ్మదస్తుడు. అక్కడ గాజుబిళ్లల మీద పూత వేసేవాళ్లు. పూత అంటే బ్రష్షుతో వేసేది కాదు. బండి చక్రమంత తలుపున్న ఉక్కు పాత్ర ఒకటి ఉండేది. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు హండా. గాజుబిళ్లల్ని దానిలో బోర్లా వేలాడదీసి, తలుపు బిగించి, లోపలి గాలినంతా పంపుతో లాగేవాళ్లు. కింద చిన్న పళ్లెంలో మందు కాలితే, ఆ ఆవిరి పైకి లేచి గాజుకు అంటుకునేది. ఒక పొర మీద ఇంకో పొర, దాని మీద ఇంకోటి. పొర మందం చెప్పేది బయట ఉన్న ముల్లు. ముల్లు ఎక్కి, ఆగి, దిగడం మొదలుపెట్టే ఆ ఒక్క క్షణాన లోపలి పళ్లెం మీద మూత వెయ్యాలి. ముందేసినా తప్పే, వెనకేసినా తప్పే. సంగప్ప పని ఆ ముల్లును చూడడం. గాజుబిళ్లలు కడిగి, మీద ఊది, ఆవిరి సమంగా పోతోందా లేదా చూసి లోపల పెట్టడం సాదుల్లా పని. కానీ సంగప్పకు ఎవరు ఊదినా తృప్తి ఉండదు, తాను కూడా ఒకసారి ఊదాల్సిందే. ఆ అలవాటు ఇంటికీ వచ్చింది. గిన్నెలు, గ్లాసులు, లాంతరు చిమ్నీ, అన్నిటి మీదా ఊదేవాడు.

"ఏమయ్యా, అన్నం పళ్లెం మీద కూడ ఊదుతవా?" అని బీరమ్మ తిట్టేది.

"నీ తోముడు సూస్తున్న."

ఆ షెడ్డులో తయారైన బిళ్లలు ఆసుపత్రుల్లో రక్తం పరీక్ష చేసే యంత్రాల్లోకి పోయేవి. ఒక్కో బిళ్ల ఒక్కో రంగును మాత్రమే వదిలి, మిగతా వెలుతురునంతా ఆపేస్తుంది. యంత్రం లోపల ఎక్కడో చీకట్లో దాని పని అది చేసుకుంటుంది. సంగప్పకు ఉన్న ఒకే ఒక్క అసంతృప్తి అది. ఇన్నేళ్లూ అద్దాలు చేశాడు, వాటిలోంచి ఏ మనిషీ ఏదీ చూడలేదు.

"మన అద్దంలకెల్లి సూసేది మిషినే. మిషినికి ఏం సోకు తెలుస్తది?" అనేవాడు.

రెండువేల రెండు వానాకాలంలో వెంకటేశం వచ్చాడు. బీరంగూడలో ఉండే లెక్కల మాస్టరు. డాబా మీద దుర్భిణి బిగించుకుని ఆకాశం ఫోటోలు తీసే పిచ్చి ఆయనది. ఆయన గోడు ఏమిటంటే, ఇరవై ఏళ్ల కింద బీరంగూడలో నిలబడితే పాలపుంత కనిపించేది, ఇప్పుడు కంపెనీల దీపాలు, రోడ్డు దీపాలు, పొగ కలిసి ఆకాశం గంజిలా అయిపోయింది. ఒక గంట ఫిల్ము తెరిచి పెడితే దాని మీద పడేది చుక్కల వెలుతురు కాదు, పటాన్‌చెరు వెలుతురు.

"మబ్బుల లెక్క ఉండే వాయువులుంటయి ఆకాశంల," అని చెప్పాడాయన షెడ్డులో స్టూలు మీద కూర్చుని. "అవి వెలిగేది ఒక్క తీరు ఎరుపుల. దీపాలల్ల గా ఎరుపు దాదాపు ఉండది. గా ఒక్కదాన్ని వదిలి, అన్నింటిని ఆపే అద్దం గావాలె నాకు. అప్పుడు ఊరంత దీపాలు పెట్టుకున్నా పర్వా లేదు."

"అంటే పెండ్లి బరాత్ మొత్తం గేటు కాడ ఆపి, దూలాను ఒక్కన్నే లోపలికి పంపాలె," అన్నాడు సాదుల్లా.

"అచ్చం గంతే."

"సార్," అన్నాడు సంగప్ప, "దాంట్లకెల్లి సూస్తే ఏం అగుపడ్తది?"

"కంటికి ఏం అగుపడది. ఫోటో తీస్తెనే. గొల్లకావడి ఎరుకేనా?"

ఎరుకే. చలికాలం ఒకే వరుసలో పొడిచే మూడు చుక్కలు. సంగప్ప తండ్రి పొలం కాపలాకు పోయినప్పుడు వాటిని చూసే పొద్దు లెక్కగట్టేవాడు.

"గా మూడింట్ల ఒక కొసకున్న చుక్క కింద ఎర్ర మబ్బు ఉంటది. దాని నడుమ నల్లగ గుర్రం తలకాయ. జూలుతోని, మూతితోని, అచ్చం గుర్రమే. నీ అద్దం మంచిగ కుదిరితే బీరంగూడ డాబా మీదికెల్లి దాన్ని పట్టుకుంట. మొదటి బొమ్మ నీకే."

ఆ సాయంత్రం సంగప్ప ఇంటికి వచ్చి చెప్పులు కూడా విప్పకుండా ఈ సంగతంతా బీరమ్మకు చెప్పాడు. ఆమె పిండి పిసుకుతూ విన్నది. పక్కింటి మొగులయ్య గోడ అవతలి నుంచి విన్నాడు.

"కావడి మోసేటోనికి గుర్రమెందుకురా సంగప్పా? గుర్రముంటె కావడెందుకు మోస్తడు?"

"అమ్ముకుంటందుకు మోస్తున్నడేమో, నువ్వు కొంటవా?"

నవ్వులాటకు అన్నాడు కానీ, ఆ రోజు నుంచి సంగప్ప మనసంతా ఆ బొమ్మ మీదే. ఇల్లు కట్టుకోవాలనో, పటాన్‌చెరుకు మారాలనో ఎన్నడూ అడగని మనిషి ఇదొక్కటి కోరుకున్నాడు. తన అద్దంలోంచి వచ్చిన దాన్ని ఒక్కసారి కళ్లతో చూడాలి. బీరమ్మకు గుర్రం మీద ఏ ఆశా లేదు. ఈయన ఆశను చూడడం మాత్రం ఆమెకు ఇష్టంగా ఉండేది.

పని అనుకున్నంత తేలిక కాలేదు. వానాకాలపు తేమ పూతకు పడదు. మధ్యలో కరెంటు పోతే అప్పటిదాకా వేసిన పొరలన్నీ దండగ. రెండుసార్లు అట్లా పోయింది. అద్దంలా చదునుగా సాన పట్టిన మంచి గాజు వెంకటరామయ్య దగ్గర ఒక్క బిళ్లే మిగిలింది. "వానలు వెనకబడనియ్. దసరా ఎల్లినంక ఎక్కిద్దాం," అన్నాడాయన. దసరా ముందురోజు సంగప్ప, సాదుల్లా ఇద్దరూ కలిసి ఆ బిళ్లను కడిగి, ఊది, హండాలో వేలాడదీసి తలుపు మూశారు. పండుగ మర్నాడు పొద్దున్నే గాలి లాగడం మొదలుపెట్టాలి.

దసరానాడు యంత్రాలకు పూజ. ఆ రోజు ఇంటివాళ్లు కూడా షెడ్డుకు వచ్చేవాళ్లు. సాదుల్లా భార్య ఆలంబీ ఏటా బూందీ తెచ్చి అందరికీ పంచేది. షెడ్డులో ఒక కట్టుబాటు ఉంది. పసుపు, కుంకుమ, కొబ్బరికాయ, అగరుబత్తి, అన్నీ బయటి గదిలో పంపు దగ్గరే. హండా ఉన్న లోపలి గదిలోకి పూజ పోకూడదు. దుమ్ము రేణువు పడితే పూతకు చిల్లు.

ఆ ఏడు బీరమ్మకు అది సరిగ్గా అనిపించలేదు. పంపుకు దండ వేశారు, నిమ్మకాయలు కట్టారు. లోపల హండా బోసిగా ఉంది. అన్నం పెట్టేది అది, గుర్రం బొమ్మ తేవాల్సింది అది, మొక్కు మాత్రం పంపుకా? అందరూ బయట గుమ్మడికాయ పగలగొట్టే సందడిలో ఉంటే, చెప్పులు విడిచి, కాళ్లు కడుక్కుని లోపలికి పోయింది. సిమెంటు రంగు తలుపు. దాని చుట్టూ నల్లటి రబ్బరు అంచు. ఆ నల్ల అంచు మీద, ఎవరికీ అడ్డం కాకుండా చిన్న బొట్టు పెట్టింది. "ఆయన ముచ్చట తీర్చు తల్లీ" అని దండం పెట్టుకుని వచ్చేసింది.

మర్నాడు సంగప్ప అలవాటు ప్రకారం చివరిసారి ఊది చూద్దామని తలుపు తెరిచాడు. ఊదాడు, మూశాడు. రోజంతా ముల్లు ముందు కూర్చున్నాడు. పొరలు ఒక్కటి కూడా తప్పలేదు. ఇంత బాగా ఎన్నడూ కుదరలేదని వెంకటరామయ్య భుజం తట్టాడు కూడా. సాయంత్రం బిళ్లను బయటికి తీసి బల్బుకు అడ్డం పెట్టారు. దాని నిండా చిల్లులు, సూది మొనలంత తెల్లటి చుక్కలు.

ఎందుకో వెతికితే తలుపు అంచున, చెదిరిన కుంకుమ కనిపించింది.

"ఇంత బొట్టు నీ కండ్లకు అగుపడకపాయెనా సంగప్పా?" అని వెంకటరామయ్య అడిగాడు. కోపంగా కాదు, నమ్మలేక.

"నిన్నటి కల్లు దిగలేదు సార్," అన్నాడు సంగప్ప.

సాదుల్లా తల వంచుకుని గాజు తుడిచే గుడ్డలు మడతపెట్టాడు. సంగప్ప కల్లు ముట్టడని షెడ్డులో అందరికీ తెలుసు.

ఆ రాత్రి చిల్లుల బిళ్లను జేబులో వేసుకుని ఇంటికి తెచ్చాడు. దాచలేదు. "జెర కుంకుమ పడ్డది," అన్నాడు. బీరమ్మ ఏడుపందుకుంది.

"నేనే పెట్టిన. నేనే."

"దేవునికి పెట్టినవ్. దేవుడు తీస్కున్నడు. ఏడువకు."

"నీ ముచ్చట నేనే చెడగొట్టిన గదయ్యా."

"అగో, చెడగొట్టుడేంది? మాస్టరు సారు చుక్కలు గావాలంటుండె, ఇండ్ల చుక్కలే ఉన్నయ్. సూడు."

బల్బుకు అడ్డం పెట్టి ఆమె కంటికి ఆనించాడు. చీకటి అద్దంలో బల్బు తీగ సన్నగా, ఎర్రగా, నిప్పు వెంట్రుకలా కనిపించింది. చుట్టూ తెల్లటి చుక్కలు.

"తీగ ఎంత ఎర్రగున్నదో!" అంది బీరమ్మ ఏడుపులోనే.

ఆయన తీసుకుని తన కంటికి పెట్టుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"నాకు చుక్కలే అగుపడ్తున్నయ్," అన్నాడు.

అది తనను దెప్పడమేనని బీరమ్మ అనుకుంది. ఆయనకు దెప్పే గుణం లేదు, అయినా అనుకుంది. ఆ మాట ఆమెను చాలా కాలం గుచ్చింది.

కొత్త గాజు రావడానికి చలికాలమంతా పట్టింది. వచ్చాక పూత మొదటిసారికే కుదిరింది. అప్పటికి ఉగాది దాటి నెల కావస్తోంది. గొల్లకావడి పడమటికి వాలి, చీకటి పడేసరికే కంపెనీల పొగలోకి దిగిపోతోంది. వెంకటేశం రెండుమూడు సార్లు ప్రయత్నించి చేతులెత్తేశాడు.

"కార్తీకం దాక ఆగాలె సంగప్పా. మళ్ల పైకొస్తది. యాడికి పోతది?"

"గదేం పోతది సార్. నేను పోకుంటె సాలు," అన్నాడు సంగప్ప. అందరూ నవ్వారు.

ఎండాకాలంలో ఆయాసం మొదలైంది. మెట్లెక్కితే ఆగి ఊపిరి తీసుకునేవాడు. సంగారెడ్డి పెద్దాసుపత్రికి పోదామని బీరమ్మ పోరింది. పోదాం, వానలు పడనియ్ అన్నాడు. వానలు పడ్డాయి. అద్దం తుడిచిన పొద్దున వచ్చింది.

పదకొండోనాడు జనం పోయాక బీరమ్మ అక్క సత్తెమ్మ, "అన్నం తినవే, ఎన్ని దినాలు గిట్ల కూసుంటవ్?" అని బతిమాలింది. బీరమ్మ పోయిన మనిషి కోసం ఏడ్చిందానికంటే ఆ గుర్రం బొమ్మ చూడకుండా పోయాడని ఎక్కువ ఏడ్చింది. చలికాలంలోనే ఆ బొమ్మ వచ్చేది. చూసేవాడు. ఆ ఒక్క బొట్టు లేకపోతే చూసేవాడు. ఈ లెక్క ఆమె ఎవరికీ చెప్పలేదు, కానీ రోజూ తనలో తాను వేసుకుంటూనే ఉంది. ఇంకొక చిక్కుముడి కూడా ఉండేది. గాజు మీద వెంట్రుక పడితే గది ఇవతలి నుంచి పట్టేసే మనిషి, ముఖం ముందున్న బొట్టును ఎట్లా చూడలేదు? చూసి కూడా, తాను పెట్టిందని తుడవలేకపోయాడా? అది తలుచుకుంటే ఇంకా కష్టంగా ఉండేది.

మార్గశిరంలో ఒక ఆదివారం వెంకటేశం వచ్చాడు. సాదుల్లా, ఆలంబీ వెంట వచ్చారు. మాస్టరు సంచిలోంచి అట్టల మధ్య పెట్టిన ఫోటో తీసి బీరమ్మ చేతికిచ్చాడు.

గుర్రం ఉంది. నిజంగానే ఉంది. వెలుగుతున్న మబ్బు మీద నల్లగా, మెడ వంచి, దేన్నో వాసన చూస్తున్నట్టు. ఆమెకు గుర్తుపట్టడానికి ఎవరూ వేలు పెట్టి చూపించాల్సిన పని లేకపోయింది. కానీ మబ్బు ఎర్రగా లేదు. బూడిద రంగులో ఉంది.

"ఎరుపంటిరి గద సార్?"

"ఫిల్ముకు రంగు తెల్వదమ్మా. ఎరుపే వచ్చి పడ్డది, కానీ అది రాసుకున్నది నలుపు తెలుపుల. నీకు ఎరుపు గావాల్నని ఇది సుత తెచ్చిన," అంటూ ఇంకో ఫోటో తీశాడు. అదే బొమ్మ. స్టూడియోలో ఎరుపు ఎక్కించి పెద్దగా వేయించాడు. గది చీకట్లో కూడా మోదుగ పువ్వులా వెలిగింది.

బీరమ్మ బూడిదరంగు దాన్ని అట్టల్లో పెట్టేసింది. ఎర్రటి దాన్ని సంగప్ప ఫోటో పక్కన గోడకు ఆనించింది. ఇన్ని తిప్పలు పడింది ఆ ఎరుపు కోసమే కదా, ఆయనకు ఇదే నచ్చేది అనుకుంది. మాస్టరు చాయ్ తాగి, ఫోటోలోని సంగప్పకు దండం పెట్టి పోయాడు.

సాదుల్లా కదలలేదు. గోడనే చూస్తున్నాడు.

"వదినా," అన్నాడు చివరికి, "గా ఎర్రది తీసెయ్. గా బూడిద రంగుది పెట్టు."

"ఎందుకన్నా? మంచిగున్నది గద."

"మంచిగున్నది, మనకు."

ఆలంబీ భర్త మోచేతిని పొడిచింది. "చెప్పు. ఇంకెన్ని రోజులు కడుపుల పెట్టుకుంటవ్? వదిన గా బొట్టును తల్సుకోని ఎండిపోతున్నది, కనిపిస్తలేదా?"

"ఒట్టు పెట్టించుకుండె ఆలంబీ."

"పెట్టించుకున్నోడు పోయిండు."

సాదుల్లా తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. "సంగప్పకు ఎరుపు అగుపడది వదినా. పుట్టుకతోనే. ఎర్రది ఏదున్నా ఆయన కంటికి నల్లగనే ఉంటుండె. నల్ల రబ్బరు మీద నీ కుంకుమ ఆయనకు లేనట్టే. ముల్లు సూసే పనికి రంగుతోని పని లేదు, అందుకే నడిసింది. సారుకు తెలిస్తే నౌకరీ పోతదని భయం. నీకు తెలిస్తే..." ఆగాడు. "నీకు తెలిస్తే నువ్వు బొట్టు పెట్టుకునేటప్పుడల్ల గదే యాదికొస్తదని."

బీరమ్మ లేచి, ఎర్రటి ఫోటోను తీసి, అట్టల్లోంచి బూడిదరంగు ఫోటోను గోడకు ఆనించింది. నలుపు, తెలుపు, బూడిద. అందులో ఆయన కంటికి అందనిది ఒక్క పోగు కూడా లేదు. గుర్రాన్ని చెవుల నుంచి మూతి దాకా, వెంకటేశం ఎంత చూశాడో అంతా చూసేవాడు.

"నీకెప్పుడు చెప్పిండన్నా?" అని అడిగింది.

"చెప్పలే. నాకు నేనే కనిపెట్టిన, ఒట్టు గా తర్వాతనే. మీ పెండ్లినాడు," అన్నాడు సాదుల్లా. "పందిట్ల కూసునే ముందు నన్ను పక్కకు పిల్సి, ఎదురుంగ వస్తున్న పిల్ల చీర ఏం రంగని అడిగిండు. నేను నవ్విన, మజాక్ చేస్తున్నడని. కాదు, నిజంగనే అడిగిండు. ఎరుపని నేను చెప్పిన."